పొగాకు గోడౌన్‌లో ఆకుకూరల గదులు: టన్నులు సరిపోయాయి, తేమ లెక్క తప్పింది

గుంటూరులో నల్లపాడు వైపు ఉన్న ఒక పాత పొగాకు గోడౌన్‌ను, దీపాల వెలుగులో ఆకుకూరలు పండించే ఫారంగా మార్చిన పని ఇది. ఏసీ వైపు పని మొత్తం నాది. మొదటిసారి తప్పు చేశాను, రెండోసారి సరిచేశాను, మధ్యలో పని ఇచ్చిన పార్టీ రెండు పంటలు పోగొట్టుకుంది. ఈమధ్య ఇలాంటి ఫారాలు పెడతామని నాకు ఫోన్ చేసేవాళ్ళు ఎక్కువయ్యారు, అందరూ అడిగేది ఒకటే: "ఇన్ని అడుగుల గదికి ఎన్ని టన్నుల ఏసీ పెట్టాలండీ?" నేను కూడా అక్కడే మొదలుపెట్టి దెబ్బతిన్నాను కాబట్టి, లెక్కలన్నీ దాచకుండా రాస్తున్నాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఉంటాను, చేసేది రిఫ్రిజిరేషన్ కాంట్రాక్టులు. ఇన్నేళ్ళూ చేసింది దాదాపు అంతా గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల పనే. మిర్చి టిక్కీలు బాగా ఎండి వస్తాయి, లోపల పేర్చాక వాటి నుంచి చెప్పుకోదగ్గ తేమ రాదు. గోడల్లోంచి వచ్చే వేడి, తలుపు తీసినప్పుడు దూరే గాలి, హమాలీలు, లైట్లు, ఇవి కూడితే టన్నులు వచ్చేస్తాయి. ఆ అలవాటు చేతికి ఎంతగా పట్టేసిందంటే బతికున్న మొక్కలుండే గదికి కూడా నేను అదే కాగితం తీసి అదే లెక్క వేశాను.

పార్టీ ఇద్దరు బావాబావమరుదులు. బావగారిది మిర్చి యార్డులో కమీషన్ కొట్టు, గోడౌన్ వాళ్ళ నాన్నగారి కాలంది. బావమరిది బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చిన కుర్రాడు, ఈ ఆలోచన అతనిదే. అతని ల్యాప్‌టాప్ నిండా అమెరికా గోడౌన్ల డ్రాయింగులే. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో గంజాయి చట్టబద్ధం కదా, కొలరాడోలో 2014 జనవరి నుంచి దుకాణాల్లోనే అమ్ముతున్నారు, ఆ పంట కోసం పాత గోడౌన్లను గదులుగా మార్చే పని అక్కడ పెద్ద ఎత్తున జరిగింది. మూసేసిన గదిలో మొక్కలు పెంచడం గురించి వాళ్ళు డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది చాలా ఉంది. దీపాలు, తేమ, కార్బన్ డయాక్సైడ్, అన్నిటికీ లెక్కలున్నాయి. మనం ఆ పంట జోలికి పోకపోయినా ఆ లెక్కలు పనికొస్తాయి.

పంట సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఫోన్లలో గొంతు తగ్గించి అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచితే 10 ఏళ్ళ దాకా కఠిన జైలు శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. ఏజెన్సీలో ఆ పంట వల్ల ఎన్ని కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయో మనందరికీ తెలుసు. అలాంటి పనికి నేను కొలత టేపు కూడా తియ్యను.

ఇక గోడౌన్. పైన సిమెంటు రేకులు, కింద నాపరాళ్ళు, గోడల నిండా పొగాకు వాసన. కుర్రాడికి మొదట చెర్రీ టమాటా, రంగు క్యాప్సికం పెట్టాలని ఉండేది. గుంటూరు దగ్గర లాం ఫారంలో (వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో) పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనను తీసుకొచ్చి చూపిస్తే ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో, పొడిలో ఏళ్ళ తరబడి చావకుండా ఉంటుందని, టమాటా, క్యాప్సికం, మిరప అన్నీ పొగాకు కుటుంబానివే కాబట్టి ఈ నేల మీద వాటిని పెట్టడమంటే తెలిసి తెలిసి జబ్బును ఇంట్లోకి పిలవడమేనని చెప్పారు. పనివాళ్ళు బీడీ కాల్చిన చేత్తో మొక్కను ముట్టుకున్నా అది అంటుకుంటుందట. అంతటితో టమాటా పోయి లెట్యూస్, ఇటాలియన్ తులసి వచ్చాయి. అయినా సరే గోడలు, దూలాలు ప్రెషర్ వాషర్‌తో మూడుసార్లు కడిగించాం, నాపరాళ్ళు తీయించి వాలుతో కాంక్రీటు పోయించి పైన ఎపాక్సీ వేయించాం. సందుల్లోంచి గోధుమరంగు చిన్న పెంకు పురుగులు గుప్పెళ్ళకొద్దీ వచ్చాయి, పొగాకు గోడౌన్ అంటే అవి ఉండాల్సిందే. పాత గోడౌన్ తీసుకునేవాళ్ళు ముందు అందులో ఏం నిలవ చేశారో అడగండి, అద్దె సంగతి తర్వాత.

లోపల 80 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెళ్ళతో (మధ్యలో ఫోమ్ ఉండి వేడిని దూరనివ్వని పలకలు) రెండు గదులు కట్టాం, ఒక్కోటి 50 అడుగుల పొడవు, 30 వెడల్పు, 14 ఎత్తు. గదుల పైకప్పుకి, గోడౌన్ రేకులకి మధ్య ఖాళీ ఉంది, రేకుల మీద టర్బో వెంటిలేటర్లు పెట్టాం, మే నెలలో ఆ మధ్య జాగాలో నిలబడే వేడి పోవాలంటే అవి తప్పవు. ప్యానెల్ పని నాకు కొత్త కాదు కాబట్టి అక్కడ ఇబ్బంది రాలేదు.

ఒక్కో గదిలో మూడంతస్తుల ర్యాకులు, రెండు గదుల్లో కలిపి మొక్కలుండే విస్తీర్ణం 400 చదరపు మీటర్లు. ఆకు మీద చదరపు మీటరుకు సెకనుకు సగటున 220 మైక్రోమోళ్ళ వెలుగు (మొక్క వాడుకునే వెలుగును కొలిచే లెక్క ఇది), రోజుకు 16 గంటలు, అంటే రోజు మొత్తానికి దాదాపు 12.7 మోళ్ళు. లెట్యూస్‌కి ఇది చాలు. గంజాయికైతే పూత దశలో 800 నుంచి 1000 దాకా ఇస్తారు, అంటే మన దానికి నాలుగు రెట్లు. దీపాల నష్టాలు కూడా కలుపుకుని మాకు చదరపు మీటరుకు 100 వాట్లు పడ్డాయి, మొత్తం 40 కిలోవాట్లు.

మొదటి లెక్క ఇలా వేశాను. దీపాలు 40 కిలోవాట్లు, ఫ్యాన్లు 4, మోటార్లు, గోడలు, మనుషులు కలిపి ఇంకో 4. మొత్తం 48. ఒక టన్ను అంటే 3.517 కిలోవాట్లు, అంటే 13.7 టన్నులు. మార్జిన్ కలిపి ఎనిమిదిన్నర టన్నుల డక్టబుల్ (చల్లగాలిని డక్టుల ద్వారా పంచే) ఏసీలు రెండు, మొత్తం 17 టన్నులు పెట్టాం. ఎవరికి చూపించినా సరిపోతుందనే అన్నారు. టన్నుల వరకు నిజంగానే సరిపోయింది.

నారు మడుల్లో ఉన్నన్నాళ్ళూ అంతా బాగుంది. మొక్కలు ర్యాకులకెక్కి ఆకులు ఒకదానికొకటి తగిలే దశకి వచ్చాక ఒక సాయంత్రం కుర్రాడు ఫోన్ చేశాడు. "ఏసీ నడుస్తానే ఉందన్నా, మీటరు 24 చూపిస్తానే ఉంది, గది మాత్రం ఉక్కపోస్తా ఉంది" అన్నాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. తలుపు తియ్యగానే కళ్ళజోడు మసకబారింది. తేమ 93 శాతం. పైకప్పు ప్యానెళ్ళ అతుకుల దగ్గర స్క్రూ తలల నుంచి చుక్కలు చుక్కలుగా మొక్కల మీద పడుతున్నాయి. ఇంకో నాలుగు రోజులకి లోపలి లేత ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగి మాడినట్టయ్యాయి, తర్వాత వారంలో కింది ఆకుల మీద బూజు. పంట మొత్తం ఎరువుకుప్పలోకే పోయింది.

అక్కడ కూర్చుని వేసిన లెక్క ఇది, దయచేసి ఓపిగ్గా చదవండి.

మొక్క తాగే నీళ్ళలో దాని ఒంట్లో మిగిలేది చాలా కొంచెం, మిగతాదంతా ఆకుల్లోంచి ఆవిరై మళ్ళీ గదిలోకే వస్తుంది. మా 400 చదరపు మీటర్ల పంట ఎదిగాక రోజుకు 800 లీటర్లు వదులుతోంది. దీపాలు వెలిగే 16 గంటల్లో గంటకు 45 లీటర్లు, చీకట్లో గంటకు 10 లీటర్లు. లీటరు నీరు ఆవిరి కావడానికి 0.68 యూనిట్ల (కిలోవాట్-గంటల) వేడి కావాలి, బళ్ళో గుప్తోష్ణం అని చదువుకున్నదే. అంటే దీపాలు ఇచ్చే 40 కిలోవాట్లలో 30 కిలోవాట్లకు పైగా మొక్కలు మింగేసి ఆవిరిగా మార్చి గాలిలోకి వదులుతున్నాయి. గది గాలిని నిజంగా వేడెక్కించేది 48లో 18 కిలోవాట్లు మాత్రమే.

ఏసీకి తెలిసింది థర్మోస్టాట్ ఒక్కటే. 18 కిలోవాట్లు లాగేసరికి 24 డిగ్రీలు వచ్చేస్తాయి, కంప్రెసర్ ఆగిపోతుంది. ఆఫీసులకి, హోటళ్ళకి తయారుచేసే ఏసీ తాను లాగే వేడిలో ముప్పావు వంతు ఉష్ణోగ్రత తగ్గించడానికి, పావు వంతు మాత్రమే తేమ తీయడానికి ఖర్చు చేస్తుంది. అంటే ఆ 18 కిలోవాట్లతో పాటు తేమ వైపు 6 కిలోవాట్లు, గంటకు తొమ్మిది లీటర్లు. మొక్కలు వదిలేది 45, ఏసీ పట్టేది 9. మిగతా 36 ఎక్కడికి పోతుంది? రెండు గదుల గాలి మొత్తం కలిపి 1190 ఘనపు మీటర్లు, 24 డిగ్రీల దగ్గర ఆ గాలి 70 శాతం తేమ నుంచి 100 శాతానికి చేరడానికి 8 లీటర్ల నీళ్ళు చాలు. ఒక చిన్న బకెట్టు. పావుగంట పట్టదు. ఆ తర్వాత మొక్క కూడా ఆవిరి వదలడం తగ్గించేస్తుంది కాబట్టి 93 దగ్గర నిలబడింది.

ఆకు మాడడానికి కారణం కూడా ఇదే. 24 డిగ్రీల్లో 70 శాతం తేమ ఉంటే వీపీడీ, అంటే గాలి ఆకులోంచి తేమను లాక్కునే బలం, 0.9 కిలోపాస్కల్. 93 శాతం దగ్గర అది 0.2. ఆకులోంచి నీరు పోకపోతే వేరు నుంచి నీరు పైకి రాదు, ఆ నీటితో పాటు రావాల్సిన కాల్షియం కూడా రాదు. లోపల ముడుచుకుని ఉన్న లేత ఆకులు ముందు దెబ్బతింటాయి. కుర్రాడు ఎవరో చెప్పారని ట్యాంకులో కాల్షియం నైట్రేట్ పెంచాడు, ఈసీ (నీళ్ళలో ఉప్పుల గాఢత) పెరిగి పరిస్థితి ఇంకా పాడయింది. నీళ్ళలో కాల్షియం ముందే సరిపడా ఉంది, దాన్ని పైకి లాగే బలమే గాలిలో లేదు.

రెండో పంట అప్పటికే మడుల్లో ఉంది. తొందర మీద డీహ్యుమిడిఫయర్లు రెండు అద్దెకు తెచ్చాం. ఒక్కోటి గంటకు 5 లీటర్లు తీస్తుంది, కానీ ఆ నీటి గుప్తోష్ణం, దాని కంప్రెసర్ తాగిన కరెంటు అంతా వేడిగా గదిలోకే వదులుతుంది. రెండూ కలిసి 12 కిలోవాట్లు. గది వేడెక్కుతుందని నేను భయపడ్డాను. జరిగింది వేరు. వేడి పెరగడంతో ఏసీలు ఎక్కువసేపు నడిచాయి, నడిచిన కొద్దీ అవి కూడా తేమ తీశాయి, మీటరు 93 నుంచి 85కి దిగింది. యంత్రాలు తీసిన 10 లీటర్లకి తోడు ఏసీలు ఇంకో 6 లీటర్లు అదనంగా తీస్తున్నాయన్నమాట. రెండో పంట దానితో దక్కలేదు, 85 చాలదు, కానీ ఆ రాత్రి నాకు విషయం తెలిసొచ్చింది. ఈ గదికి కావాల్సింది ఇంకా చల్లదనం కాదు, కాయిల్ (ఏసీలో గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) ఆగకుండా నడవడానికి కొంచెం వేడి. ఆ వేడిని మేం కండెన్సర్ల (ఏసీ వేడిని బయటికి వదిలే భాగాల) నుంచి బయట ఉన్న వేపచెట్టు మీదకి ఊదేస్తున్నాం.

అక్కడి నుంచి డిజైన్ మొత్తం తిరగరాశాను. గాలిని గదికి కావాల్సిన దానికంటే బాగా చల్లగా, 12 డిగ్రీల దాకా దించాలి, అప్పుడే నీరు కాయిల్ మీద కారిపోతుంది. కిలో గాలికి 13.1 గ్రాముల తేమతో లోపలికి వెళ్ళి 8.7 గ్రాములతో బయటికి రావాలి. గంటకు 45 లీటర్లు తీయాలంటే రెండు గదులకి కలిపి నిమిషానికి 5000 ఘనపుటడుగుల గాలి చాలు. కానీ అంత గాలిని 24 నుంచి 12కి దించితే ఉష్ణోగ్రత వైపు 35 కిలోవాట్లు లాగినట్టు, గదికి కావాల్సింది 18 మాత్రమే. మిగతా 17 కిలోవాట్ల వేడి తిరిగి ఇవ్వాలి. హీటర్ పెడితే కరెంటు బిల్లు మోయలేరు. అందుకే కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి పోయే వేడి గ్యాసును దారి మళ్ళించి, కూలింగ్ కాయిల్ తర్వాత రెండో కాయిల్‌లో తిప్పాం. రీహీట్ అంటారు దీన్ని. వేడి ఉచితం, కావాల్సింది పైపు, ఇంకో కాయిల్, గ్యాసును ఎటు ఎంత పంపాలో చూసుకునే మాడ్యులేటింగ్ వాల్వు.

మొత్తం కాయిల్ మీద భారం 65 కిలోవాట్లు, అంటే 18.6 టన్నులు. గదిలో ఉన్న వేడి 13.7 టన్నులే అయినా యంత్రం 18.6 చేయాలి. గదికి ఒకటి చొప్పున 11 టన్నుల యూనిట్లు పెట్టాం, ఒక్కో దాంట్లో రెండు కంప్రెసర్లు, చీకటి గంటల్లో ఒకటి ఆగిపోతుంది. కాయిల్ ఆరు వరుసలది, దాని ముఖం మీద గాలి వేగం సెకనుకు 2 మీటర్లు దాటనివ్వలేదు, దాటితే చుక్కలు ఎగిరి డక్టులోకి పోతాయి. మామూలు ఏసీలో టన్నుకి 400 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలి ఇస్తాం, ఇక్కడ 270 దగ్గర ఆపాం. ఈ ఒక్క అంకె చూసి నా దగ్గర పనిచేసే మెకానిక్ "కాయిల్ మంచు కట్టేస్తుందండీ" అన్నాడు, మొదటి వారం రాత్రిపూట నిజంగానే కట్టింది. చీకట్లో తేమ తక్కువ, గాలి తక్కువ, సక్షన్ ప్రెషర్ (కంప్రెసర్ లోపలికి పీల్చే గ్యాసు ఒత్తిడి) పడిపోయింది. రెండో కంప్రెసర్ ఆగే సెట్టింగు సరిచేసి, హాట్ గ్యాస్ బైపాస్ (కొంత వేడి గ్యాసును అడ్డదారిలో కాయిల్‌కి పంపే ఏర్పాటు) పెట్టాక అది పోయింది.

కాయిల్ గాలి తక్కువే కాబట్టి ఆకుల మధ్య గాలి ఆడడానికి ర్యాకు ర్యాకుకీ విడిగా చిన్న ఫ్యాన్లు ఉన్నాయి. ఆకు మెల్లగా కదలాలి, సెకనుకు 0.3 నుంచి 0.5 మీటర్లు. మధ్య అంతస్తులో ఒక మూల ఫ్యాను చెడిపోతే ఆ మూలలో మాత్రమే మళ్ళీ అంచులు మాడాయి, మిగతా గదంతా బాగానే ఉంది.

దీపాలు ఆరే క్షణం ఇంకో గండం. వెలుగు పోగానే గాలి గబగబా చల్లబడుతుంది, తేమ మాత్రం అంతే ఉంటుంది. 24 డిగ్రీల్లో 70 శాతం ఉన్న గాలి 19కి దిగితే చుక్క నీరు కలపకుండానే 95 శాతం అయిపోతుంది. అందుకని దీపాలు ఒక్కసారిగా ఆర్పకుండా అరగంట పాటు మెల్లగా తగ్గిస్తున్నాం, చీకట్లో ఉష్ణోగ్రత 21 కంటే దిగకుండా రీహీట్ పట్టి ఉంచుతుంది.

చీకటి ఎప్పుడు పెట్టాలన్నది కూడా బాగా ఆలోచించాం. అమెరికా గోడౌన్లలో పూత దశకి 12 గంటల వెలుగు, 12 గంటల చీకటి కాబట్టి ఒక గదిలో పగలు, పక్క గదిలో రాత్రి పెట్టి ఒకే యంత్రాన్ని రెండిటికీ వాడుకునే పద్ధతి ఉంది. కుర్రాడు అదే చేద్దామన్నాడు. మనకి 16 గంటల వెలుగు కావాలి కాబట్టి కనీసం 8 గంటలు రెండు గదులూ వెలుగుతూనే ఉంటాయి, యంత్రం తగ్గదు. దాని బదులు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా చీకటి చేశాం. బయట ఎండ మండే గంటలు, సాయంత్రం కరెంటుకి డిమాండ్ ఎక్కువుండే గంటలు రెండూ అందులోకే వచ్చాయి. రోహిణి కార్తెలో కూడా కండెన్సర్లు బరువు మోసేది ఎక్కువగా రాత్రీ పొద్దునే. అయినా మొదటి వేసవిలో హై ప్రెషర్ ట్రిప్పులు (గ్యాసు ఒత్తిడి మితిమీరి యంత్రం తనంతట ఆగిపోవడం) వచ్చాయి, కండెన్సర్లను గోడౌన్ గోడకీ కాంపౌండ్ గోడకీ మధ్య ఇరుకులో పెట్టాం, ఊదిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటున్నాయి. వాటిని ఉత్తరం వైపు ఎత్తైన ప్లాట్‌ఫాం మీదకి మార్చి పైన షేడ్ నెట్ కట్టాక ఆగాయి.

కార్బన్ డయాక్సైడ్ గురించి నేను ముందసలు ఆలోచించలేదు. బయటి గాలిలో 420 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 420) ఉంటుంది, గది మూసేస్తే మొక్కలు గంటలోపే దాన్ని సగానికి లాగేస్తాయి. బయటి గాలి తెద్దామంటే గుంటూరు గాలితో పాటు గుంటూరు ఉక్కపోత కూడా లోపలికొస్తుంది, తేమ లెక్క మళ్ళీ మొదటికి. చివరికి సిలిండర్లు పెట్టి వెలుగున్న గంటల్లో 800 దగ్గర ఉంచుతున్నాం. రోజుకు పది కిలోలకు పైనే ఖర్చవుతుంది. ఈ గ్యాసు గాలి కంటే బరువు, నేల దగ్గర పేరుకుంటుంది. మోకాలి ఎత్తులో సెన్సర్, తలుపు బయట అలారం పెట్టకుండా సిలిండర్ బిగించనని చెప్పాను, 5000 దాటితే మోగుతుంది, మోగితే ఎవరూ లోపలికి పోకూడదు. పనిచేసేది ఎక్కువగా ఊళ్ళోని ఆడవాళ్ళు, ఈ విషయం వాళ్ళకి ఒకటికి నాలుగుసార్లు చెప్పి చేయించి చూపించాం.

నీళ్ళ వైపు పని వేరేవాళ్ళది, కానీ ఒక మాట. అక్కడి బోరు నీళ్ళు బాగా ఉప్పు, ఆర్ఓ తప్పదు, ఆర్ఓ పెడితే సగం నీరు వృథా. కాయిల్ కింద పడే నీరు మాత్రం వాన నీటిలా ఉంటుంది, టీడీఎస్ (కరిగిన లవణాలు) దాదాపు సున్నా. రోజుకు 800 లీటర్లు అని చెప్పాను కదా, అదంతా కాలవలోకి వదిలేస్తారా ఎవరైనా? ఫిల్టర్, యూవీ దాటించి మళ్ళీ ట్యాంకుకే పంపుతున్నాం. కాయిల్ రాగిది, రెక్కలు అల్యూమినియం, ఆ లోహాలు నీళ్ళలోకి దిగుతున్నాయేమోనని మూడు నెలలకొకసారి ల్యాబ్‌కి ఇవ్వమన్నాను. పోషకాల నీరు 20, 22 డిగ్రీల మధ్య ఉండటానికి చిన్న చిల్లర్ ఉంది, 25 దాటితే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గి వేరు కుళ్ళు వచ్చేస్తుంది.

మధ్యలో పోలీసులు వచ్చి వెళ్ళారు. మొదట కొన్న దీపాలు ఎరుపు నీలం కలిసిన ఊదారంగువి, ప్యానెళ్ళు పూర్తిగా మూయకముందు రాత్రిళ్ళు గోడౌన్ వెంటిలేటర్లలోంచి ఆ రంగు రోడ్డు దాకా పడేది. కిటికీలు లేని గోడౌన్, రాత్రంతా ఊదారంగు వెలుగు, ఎవరికైనా అనుమానం వస్తుంది. ఇద్దరు వచ్చి మర్యాదగానే అడిగారు, కుర్రాడు ర్యాకులు చూపించి ఒక లెట్యూస్ చేతిలో పెట్టాడు. ఇది వాళ్ళు రాకముందే మేం చెప్పి ఉండాల్సింది. మీరు పెడితే స్టేషన్‌లో, ఇరుగుపొరుగుకి ముందే ఏం పండిస్తున్నారో చెప్పండి. దీపాలు కూడా తెల్లవే తీసుకోండి, ఊదా వెలుగులో ఆకు మీద బూజు కంటికి ఆనదు, పనివాళ్ళకి తలనొప్పి. మేం తర్వాత అన్నీ మార్చాం.

డబ్బు సంగతి. ఏసీ వైపు రెండోసారి పెట్టిన ఖర్చుతో కలిపి మొదటి అంచనాకి దాదాపు రెట్టింపైంది. అందులో నా కూలి నేను తీసుకోలేదు, తప్పు నాది కాబట్టి. ఇప్పుడు రోజుకు 1100 యూనిట్ల కరెంటు, 60 కిలోలకి కాస్త అటూఇటూ ఆకు. కిలోకి 17, 18 యూనిట్లు. బిల్లులో యూనిట్ ధర మీకు ఎంత పడుతుందో దాన్ని గుణించి చూసుకోండి, లెట్యూస్ ఒక్కటే పెడితే మిగిలేది తక్కువ. వీళ్ళు రెండో గదిలో తులసి పెట్టి విజయవాడ హోటళ్ళకి, హైదరాబాద్‌కి పంపుతున్నారు, నెట్టుకొస్తున్నది దానివల్లే. బావగారు నాతో అన్న మాట, "మిర్చి అయితే ధర లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెడతాం, దీన్ని ఎక్కడ పెడతామండీ?" నా దగ్గర జవాబు లేదు. కోసిన ఆకుకి ముందే కొనేవాళ్ళు ఖాయంగా లేకపోతే ఈ పనికి దిగొద్దు.

కరెంటు పోతే పంపులు, ర్యాక్ ఫ్యాన్లు ఇన్వర్టర్ మీద వెంటనే అందుకుంటాయి, పైపుల్లో పలచగా పారే నీళ్ళ పద్ధతి కాబట్టి అరగంట పంపు ఆగితే వేళ్ళు ఎండుతాయి. ఆ తర్వాత జనరేటర్ మీద కంప్రెసర్లు, సగం దీపాలు.

కొత్త యూనిట్లు పెట్టాక తేమ 68, 72 మధ్య నిలబడింది, వచ్చిన పంటల్లో మాడిన అంచులు ఆ ఫ్యాను చెడిన మూలలో తప్ప కనబడలేదు. పాత డక్టబుల్ ఏసీలు తీసెయ్యలేదు, యూనిట్ ఆగినప్పుడు కనీసం గది ఉడికిపోకుండా చూస్తాయి.

కాయిల్ నీరు చేరే డ్రమ్ముల దగ్గర కుర్రాడు ఒక స్కేలు అతికించాడు. రోజూ పొద్దున గదిలోకి వెళ్ళేముందు అది చూసి పుస్తకంలో రాస్తాడు. పంట నిండుగా ఉన్న రోజుల్లో 760 నుంచి 800 మధ్య ఉంటుంది. మొన్న ఒక రోజు 610 చూపించింది. గది మీటర్లన్నీ మామూలుగానే ఉన్నాయి, 24 డిగ్రీలు, 69 శాతం, అలారం లేదు. అనుమానమొచ్చి ర్యాకులన్నీ తిరిగి చూస్తే రెండో గది పై అంతస్తులో నీటి పైపుల నోళ్ళు వేళ్ళ పీచుతో పూడుకుపోయి ఉన్నాయి, తులసి ఆకులు అప్పుడే వేలాడడం మొదలైంది. మధ్యాహ్నానికి శుభ్రం చేశారు, పంట దక్కింది. మర్నాడు డ్రమ్ములో 740.